ఎండ రాని ముందుగది

హామిల్టన్‌లో మేము ఇల్లు కొన్నప్పుడు ఊళ్ళో తెలుగువాళ్ళందరూ మమ్మల్ని చూసి జాలిపడ్డారు. వాళ్ళవన్నీ ఊరికి ఉత్తరాన కొత్తగా వెలిసిన కాలనీల్లో ఇళ్ళు. రెండేసి అద్దాల కిటికీలు, హీట్ పంపు, రెండు కార్లు పట్టే గ్యారేజీ. మేమేమో నదికి తూర్పున, దాదాపు నూరేళ్ళ నాటి చెక్క ఇల్లు కొన్నాం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కట్టిన అలాంటి ఇళ్ళని ఇక్కడ బంగళాలనే అంటారు. తెనాలిలో మావాళ్ళకి ఫోన్ చేసి బంగళా కొన్నామని చెబితే "ఎన్ని అంతస్తులే?" అని అడిగారు. ఫొటో పంపాక మళ్ళీ ఆ మాటెత్తలేదు.

పట్టుబట్టి కొనిపించింది నేనే. చూడటానికి వెళ్ళిన రోజు, వెడల్పుగా కిందికి వాలిన కప్పూ, రెండు లావుపాటి స్తంభాల వరండా, రంగుటద్దాల కిటికీలూ నాకు నచ్చేశాయి. ఇక భోజనాల గదిలో అడుగుపెట్టాక నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. చుట్టూ గోడలకి భుజం ఎత్తు దాకా రిము అనే ఎర్రటి కలప పలకలు. వాటి పైన గది చుట్టూ తిరిగిన సన్నటి చెక్క అర. ఆ రోజుల్లో దొరసానులు దానిమీద పింగాణీ పళ్ళాలు నిలబెట్టుకునేవారట. నాకు మాత్రం అక్కడ నా కొండపల్లి బొమ్మలు వరసగా కనబడ్డాయి.

"ఏమండీ, ఇక బొమ్మల కొలువుకి మెట్లు కట్టే పని లేదు," అన్నాను.

మా ఆయన నేలమీద కాలితో తట్టి చూస్తున్నారు. "ఇల్లు కొనేది బొమ్మలకా, మనకా?" అన్నారు.

"ఇద్దరికీ!" అన్నాను. ఆయన నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు అంగీకారమేనని పెళ్ళైన కొత్తలోనే నాకు తెలిసిపోయింది.

మొదటి చలికాలం వచ్చాక గానీ ఆ ఇంటి గుట్టు తెలియలేదు. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి తిరుగుతాడు. మా ఇల్లు రోడ్డుకి ఉత్తరాన ఉంది. ఆ కాలంలో కట్టినవాళ్ళకి ఒకటే సూత్రం, మంచి గది వీధి వైపు ఉండాలి. అంచేత మా ముందుగది దక్షిణానికి మొహం పెట్టుకుని కూర్చుంది. ఏడాది పొడుగునా దానిలోకి ఒక్క కిరణం రాదు. ఎండంతా వెనక బట్టలుతికే గదికి! వీధినపోయేవాడు చూసి మెచ్చుకోవాలి గానీ లోపల ఉండేవాడు ఏమైపోతేనేం? ఈ తత్వం మా వైపు కూడా బాగా తెలిసిందే కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

ఆ ఇంట్లో వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, నడవలో ఉన్న వేడినీళ్ళ అలమర. లోపల నిలువెత్తు రాగి సిలిండరు, దాని పైన చెక్క బద్దల అరలు. తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పెట్టారట. నేను ఇడ్లీపిండి గిన్నె పెట్టాను. తెల్లారేసరికి పిండి పొంగి మూత తోసుకుని బయటికి వచ్చింది. నా ఆనందం చెప్పలేను. కొత్త ఇళ్ళలో నీళ్ళ హీటరు బయటి గోడకి తగిలించి ఉంటుంది, ఇలాంటి అలమరలు లేవు. చలికాలంలో వాళ్ళ పిండి మూడు రోజులైనా కదలదు. ఈ కబురు పాకిపోయి, శుక్రవారం సాయంత్రం ఆఫీసులయ్యాక ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలెట్టారు. శనివారం పొద్దున ఎవరి గిన్నె వాళ్ళు తీసుకుపోయేవారు.

వాళ్ళందరిలోకీ నాకు దగ్గరైంది వరంగల్ అమ్మాయి. దేశానికి దక్షిణపు కొసన, ఇంతకంటే చలి ఊరు ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకుని, ఉద్యోగం దొరికి, మొగుడితో ఇక్కడికొచ్చి సెటిలైంది. "అక్కా, మా ఇల్లు అద్దం లెక్క ఉన్నది, ఏం ఫాయిద? పిండి రాయి లెక్క పడి ఉంటది. ఇన్వర్‌కార్గిల్‌ల ఉన్నప్పుడైతే కార్ల పెట్టి, హీటర్ ఏసి పొంగిచ్చిన, ఎరుకేనా? మీ ముసలి ఇల్లే నయం!" అనేది.

"ముసలి గిసలి అన్నావంటే నీ గిన్నె బయట పెడతా," అనేదాన్ని. ఒకసారి దాని గిన్నే పొంగి, కింద అరలో ఉన్న మా ఆయన ఆఫీసు చొక్కాల మీద కారింది. చూసుకోకుండా ఒకటి తొడుక్కుని వెళ్ళిపోయారాయన. మీటింగులో తన పక్కన ఎవరూ కూర్చోలేదని సాయంత్రం వచ్చి చెప్పారు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఎనభై దాటాయి. ఆవిడ ఇల్లూ మా ఇల్లూ కవల పిల్లలు. రైల్వేలో వడ్రంగి పని చేసిన వాళ్ళ నాన్న తన ఇంటిని తనే కట్టుకున్నాడట. అదే ప్లాను చూసి ఆయన స్నేహితుడు మా ఇల్లు కట్టాడు. ఆవిడ పుట్టింది ఆ ఇంట్లోనే, పెళ్ళయ్యాక మొగుడు వచ్చి చేరిందీ ఆ ఇంట్లోకే. ఇక్కడి పద్ధతి ప్రకారం ఆవిడని పేరు పెట్టి పిలవాలి. నాకు నోరు రాలేదు. ఆంటీ అంటానన్నాను. "ఎలా పిలిచినా పలుకుతాను, కాస్త గట్టిగా పిలువు చాలు," అంది. నన్ను అమ్మాయ్ అన్నట్టే పిలిచేది, ఇంగ్లీషులో.

ఆదివారం ఇడ్లీలు పట్టుకెళ్ళేదాన్ని. ఆవిడ వాటికి వెన్నా, ప్లమ్ పండ్ల జామూ పూసుకుని తినేది. మొదటిసారి చూసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. చట్నీ గిన్నె ముందుకు జరిపాను. ఆవిడ మర్యాదగా వెనక్కి జరిపింది. తర్వాత అలవాటైపోయింది, ఇద్దరికీ.

తింటూ ఆవిడ చెప్పే కబుర్లు నాకు కథల్లా ఉండేవి. చిన్నప్పుడు వెనక కంచె దాటితే ఆవులే. రోడ్డు కంకర రోడ్డు. బడికి వెళ్ళేటప్పుడు చెప్పులకి పేడ. ఒక్కో కుటుంబానికీ పావు ఎకరం, అందులో ముందు గులాబీలు, వెనక బంగాళాదుంపలు, కోళ్ళు. యుద్ధం అయిపోయాక కంచె అవతల ప్రభుత్వం కట్టిన ఇళ్ళు వరసగా లేచాయి. తర్వాత ఇటుక ఇళ్ళు, తర్వాత దుకాణాలు. ఇప్పుడు ఆ పావు ఎకరాలనే ముక్కలు చేసి, ఒక్కో ఇల్లున్న చోట నాలుగైదు రెండంతస్తుల ఇళ్ళు ఇరికిస్తున్నారు.

"ఊరి చివర మా గేటు దగ్గరే ఉండేది అమ్మాయ్," అంది ఒకసారి. "నాకు చెప్పకుండా వెళ్ళిపోయింది."

చలికాలంలో ఎప్పుడు వెళ్ళినా ఆవిడ వెనక బట్టలుతికే గదిలోనే ఉండేది. వాషింగ్ మెషీను పక్కన కుర్చీ, మోకాళ్ళ మీద దుప్పటి. ఎండ జరిగినకొద్దీ కుర్చీ జరుపుకునేది. నాకది భలే ముచ్చటగా ఉండేది. ఒక చలికాలం ఆవిడకి న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేరితే, మిరియాల చారు కాచి పట్టుకెళ్ళాను. ఇంటికొచ్చాక, వసంతం రాగానే ఆవిడ తోట పనిలో దిగడం చూసి, హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా గుమ్మంలోకి బిల్డరు వచ్చాడు. నున్నటి బూట్లు, నున్నటి మాటలు. మా స్థలం, పక్కింటి స్థలం రెండూ కలిపి కావాలన్నాడు. ఒక్కటైతే సందు చాలదు, కార్లు వెనక్కి వెళ్ళవు, రెండూ ఇస్తేనే బేరం అన్నాడు. రెండు బంగళాలూ తీసేసి వరస ఇళ్ళు కడతాడట. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ ఇంట్లో పుట్టిన మనిషి ఇంకా అందులో బతికుంది, తెలుసా?" అని తలుపేసేశాను. ఆ తలుపు వేసిన చప్పుడుకి ఒక బొమ్మ కూడా పడింది.

ఆ ఊపులోనే పక్కింటికి వెళ్ళాను.

"మీరేం భయపడకండి ఆంటీ. వాణ్ణి తరిమేశాను. మన ఇళ్ళ జోలికి ఇక ఎవడూ రాడు."

ఆవిడ టీ కెటిల్ కింద పెట్టింది. "నన్ను ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది," అంది.

"అంటే?"

"ఇల్లు మంచిదే. మా నాన్న చేత్తో కట్టాడు. అందరూ అందంగా ఉందంటారు, నువ్వు కూడా అంటావు. కానీ అమ్మాయ్, పుట్టినప్పటి నుంచీ నాకు ఇందులో చలేస్తూనే ఉంది."

ఆవిడే నెమ్మదిగా చెప్పింది. ఇంకో చలికాలం ఈ ఇంట్లో గడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. తౌరంగలో కూతురింటికి దగ్గర్లో, వృద్ధుల కోసం కట్టిన చిన్న ఇల్లొకటి ఖాళీ అవుతుందట, నేల కూడా వెచ్చగా ఉంటుందట. అయితే దానికి ఈ ఇల్లు అమ్ముడుపోవాలి. ఏజెంటు వచ్చి కిందికి దూరి చూశాడు. ఇంటిని మోసే దిమ్మెలూ దూలాలూ పుచ్చిపోయాయి, ఇల్లుగా ఎవరూ కొనరు, స్థలంగానే పోతుంది అన్నాడు. స్థలం కావాలని వచ్చినవాడు ఆ బిల్డరు ఒక్కడే. వాడికేమో రెండూ కావాలి.

"ముందే ఎందుకు చెప్పలేదు మీరు?"

"నువ్వు ఆ ఇంటి గురించి మాట్లాడేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలియదు," అంది. "నీ ఇల్లు నీ ఇష్టం. అమ్మమని నేను అడగను. అడిగే హక్కు నాకు లేదు."

అడగనంటే అడిగినట్టు కాదా? ఇంటికొచ్చి అన్నం గిన్నె దబ్బున పెట్టాను, గరిటె విసిరాను, మా ఆయన మీద అరిచాను. పాపం ఆయన చేసిందేమీ లేదు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఆవిడకి చలేస్తోందని నా ఇల్లు కూల్పించుకోవాలా?"

"వద్దంటే వద్దు. నేను బలవంతం చెయ్యను," అన్నారాయన. అని ఊరుకోకుండా, "కానీ ఆవిడ దగ్గు నాక్కూడా వినిపిస్తుంటుంది," అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కూర్చుని తనివితీరా ఏడ్చాను. గోడల మీద చెయ్యి వేసుకుని ఏడ్చాను. చెక్క మీద అంత ప్రేమేమిటని అడుగుతారేమో. పదేళ్ళు అద్దె ఫ్లాట్లలో మేకు కొట్టాలన్నా పర్మిషన్ అడిగి బతికాక, మొదటిసారి నాదనుకున్న ఇల్లు అది.

వారం పాటు పక్కింటికి వెళ్ళలేదు. ఆదివారం ఇడ్లీలు కూడా మా ఆయనతోనే పంపాను. ఆయన తిరిగొచ్చి, "ఒక సంగతి అడిగితే తిట్టవు కదా?" అన్నారు. "ఈ దేశంలో ఇళ్ళు లారీల మీద వెళ్తాయి. ఆవిడే గుర్తు చేసింది."

"వేళాకోళమా?"

వేళాకోళం కాదు. మరుసటి శనివారం నన్ను ఊరి బయట ఒక యార్డుకి తీసుకెళ్ళారు. అక్కడ ఇళ్ళు అమ్మకానికి ఉన్నాయి. ఇళ్ళంటే ఫొటోలు కాదు, నిజం ఇళ్ళు. స్థలాలు అమ్మినవాళ్ళ దగ్గర నుంచి ఎత్తుకొచ్చి చెక్క దిమ్మెల మీద వరసగా నిలబెట్టారు. సంతలో పశువుల్లా ఎదురు చూస్తున్నాయి. ఒకదానికి ఇంకా కర్టెన్లు వేలాడుతున్నాయి. ఇటుక ఇల్లయితే కుదరదు, చెక్క ఇల్లు కాబట్టి మధ్యకి కోసి రెండు లారీల మీద తీసుకెళ్ళవచ్చట.

"కోసి?" అన్నాను.

"మళ్ళీ అతికిస్తాం, అతుకు మీకు కూడా కనబడదు," అన్నాడు యార్డు ఆయన.

బిల్డరుని నేనే పిలిచాను. స్థలం నీది, ఇల్లు నాది, ఎత్తుకుపోతాను అన్నాను. కూల్చే ఖర్చు తప్పుతుందని వాడికే సంతోషం. పక్కింటికి వెళ్ళి ఈ మాట చెబితే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. "ఖచ్చితంగా చెబుతున్నావా?" అని అడిగింది. "మీ ఇంటిని కాపాడలేను ఆంటీ, దూలాలు కూడా పుచ్చిపోయాయట, ఎత్తితే విరిగిపోతుంది," అన్నాను. "దాన్నెవరు కాపాడమన్నారు! నన్ను కాపాడు చాలు," అని నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి మారింది.

ఇక చలికాలం లోపల అంతా అయిపోవాలి. ఇంటికి చోటు వెతకడం మొదలెట్టాం. ఉత్తరాన కొత్త కాలనీల్లో అడుగుపెట్టనివ్వలేదు, పాత ఇళ్ళు తెచ్చిపెట్టకూడదని అక్కడ షరతు. మా తెలుగువాళ్ళ పక్కన మా ఇల్లు పనికిరాదన్నమాట! ఆఖరికి ఊరికి దక్షిణాన, పాడి ఆవుల పొలాలు మొదలయ్యే చోట చిన్న స్థలం దొరికింది. ఒకప్పుడు ఊరి చివర పుట్టిన ఇల్లు మళ్ళీ ఊరి చివరికే బయల్దేరింది. ఇటుక పొగగొట్టం విప్పేశారు. కప్పు రేకులు తీశారు. రంపం సరిగ్గా నా భోజనాల గది మధ్యనుంచి వెళ్ళింది. నేను చూడలేక ఆఫీసుకి పోయాను.

రోడ్డు ఖాళీగా ఉండే వేళ చూసి లారీలు తీసుకెళ్ళాయి. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి మా స్థలంలో మట్టీ, నీళ్ళ గొట్టం ముక్కా మిగిలాయి. పక్కింటావిడ డ్రెస్సింగ్ గౌనులో కంచె దగ్గర నిలబడి ఉంది. ఓదార్చడానికి వచ్చిందేమో అనుకున్నాను.

"నా వంటింట్లోకి ఎండొస్తోంది!" అంది. "ఇంతకాలం నీ ఇల్లే అడ్డం."

ఏడవబోయినదాన్ని పక్కున నవ్వేశాను. ఇద్దరం ఆ వంటింట్లో నిలబడి టీ తాగాం. ఆవిడ ఇంకో నెలలో వెళ్ళిపోతుంది, ఆ తర్వాత వారానికే ఆ ఇల్లూ ఉండదు. అయినా ఆవిడ ఆ పొద్దున్న కిటికీలు తుడిచింది.

కొత్త స్థలంలో యార్డు ఆయన నన్నొక ప్రశ్న అడిగాడు. "ఏ దిక్కుకి తిప్పమంటారు?"

ఇంటిని ఏ దిక్కుకి తిప్పాలో అడిగించుకునే భాగ్యం ఎంతమందికి పడుతుంది చెప్పండి! ఉత్తరానికి అన్నాను. ఎండకి ఎండ, వాస్తుకి వాస్తు.

గృహప్రవేశానికి, కారులో గంటకి పైగా పట్టే పాపటోయిటోయిలో ఉండే పంతులుగారికి ఫోన్ చేశాను.

"కొత్త ఇల్లామ్మా?"

"పాతదేనండీ. మాదే."

"మీ ఇంట్లోకి మీకు గృహప్రవేశమేమిటి తల్లీ?"

"ఇల్లే ఊరి చివరికి వచ్చిందండీ. లారీ మీద."

అవతల పంచాంగం పేజీలు తిప్పిన చప్పుడు. "శంకుస్థాపన చేశారా?" అన్నారు.

ఈ హడావిడిలో ఆ సంగతే మరిచిపోయాం. ఇల్లు దిగేశాక శంకుస్థాపన ఎలా? "ఇప్పుడు చేస్తే కుదరదాండీ?" అన్నాను.

"కుదరదంటే మళ్ళీ లేపుతారా?"

"లేపమండీ."

"అయితే కుదురుతుంది," అన్నారు. ఎంత మంచివారో.

అలా, ఇల్లు నిలబడ్డాక దానికి పునాది పూజ జరిగింది. ఇల్లు దిమ్మెల మీద మోకాలెత్తున ఉంది కాబట్టి ఈశాన్యం మూలకి కింద నుంచి వెళ్ళాలి. మా ఆయన పట్టుపంచె ఎగగట్టి, నవధాన్యాల పొట్లం చేత్తో పట్టుకుని, బొక్కబోర్లా పడి పాక్కుంటూ వెళ్ళారు. పంతులుగారు గడ్డిలో గొంతుక్కూర్చుని కిందికి వంగి మంత్రాలు చెప్పారు. వరంగల్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక, "బావా, లేవకుండ్రి, తల తాకుతది!" అని అరిచింది. అరవగానే తాకింది. కంచె అవతల ఆవులు కూడా వచ్చి వరసగా నిలబడి చూశాయి. మర్నాడు పొద్దున ముందుగదిలోకి ఎండ వచ్చి రిము పలకల మీద పడింది. నేను గిన్నెలు తోమడం మానేసి అందులో కూర్చున్నాను.

పక్కింటావిడ మాట ప్రకారం చలికాలం రాకముందే తౌరంగ వెళ్ళిపోయింది. సర్దుకోవడాల్లో పడి నేను జూలై దాకా, అంటే ఇక్కడి నడి చలికాలం దాకా, వెళ్ళలేకపోయాను. ఆ రోజు దారి పొడుగునా మంచు, పొలాలన్నీ తెల్లగా ఉన్నాయి. కారు దిగి, కోటు గొంతుదాకా బిగించుకుని, చేతిలో ఇడ్లీల డబ్బాతో బెల్లు కొట్టాను. ఆవిడ తలుపు తీసింది. పొట్టి చేతుల పూల గౌను వేసుకుంది, కాళ్ళకి మేజోళ్ళు కూడా లేవు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఇన్నేళ్ళ పరిచయంలో ఆవిడ మోచేతులు నేను చూడటం అదే మొదటిసారి. సన్నటి, తెల్లటి చేతులు. వాటిమీద చిన్నప్పుడెప్పుడో కంచె ముళ్ళు గీరిన మచ్చ కూడా ఉంది.

"గుమ్మంలో నిలబడ్డావేం? కోటు విప్పు, లోపల ఉక్కపోస్తుంది," అంది.

ఒక్క బొత్తాం విప్పానో లేదో, గుమ్మంలోనే భోరున ఏడ్చేశాను.